నలభై రోజుల చప్పుడు

చేయి వెచ్చగా ఉంది. సొరంగం చివర, తడి బంకమట్టి మీద వెల్లకిలా పడుకొని, తల పైనున్న రెండు పునాది రాళ్ళ సందులోకి కుడిచేతిని భుజం దాకా దూర్చి, ఎడ్మర్ తన కూతురి చేతిని పట్టుకొని ఉన్నాడు. మనిషి కనపడదు. కనపడే దారి లేదు. ఒక్కో రాయి ఒక్కో ఎద్దంత ఉంది, మధ్యలో సందు బెత్తెడు. ఆ సందులోంచి పైనుంచి ఆమె చేయి దిగింది, కిందినుంచి అతని చేయి ఎక్కింది, రెండూ మధ్యలో ఎక్కడో, ఎవరి కళ్ళూ చేరని చోట కలుసుకున్నాయి. రాతి అంచు నుంచి నీటి చుక్క ఒకటి ఆగి ఆగి అతని నుదుటి మీద పడుతోంది. పడనీ. భుజం మొద్దుబారిపోతోంది. పోనీ. కదిలితే వేళ్ళు జారతాయి, జారితే మళ్ళీ దొరుకుతాయో లేదో. చీకట్లో ఆ వేళ్ళను లెక్కపెట్టుకుంటున్నాడు. చిటికెన వేలు కొద్దిగా వంకర. ఏడేళ్ళప్పుడు గనిలో తట్ట కింద పడి నలిగిన వేలు. గోళ్ళు కొరుక్కునే అలవాటు ఇంకా పోలేదు. ఎన్నిసార్లు తిట్టింది వాళ్ళమ్మ లియోవ, ఆ గోళ్ళకి ఆవు పిత్తం పూసి మరీ తిట్టింది, పిత్తం కూడా నాకేసింది ఈ పిల్ల. ఇప్పుడు ఎముకలే మిగిలాయి చేతిలో. ఎముకలే అయినా వెచ్చగా ఉన్నాయి.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఎక్కడికి పోతాను."

ఎక్కడికి పోతాడు. బయట పొద్దు ఎంత ఎక్కిందో ఇక్కడినుంచి తెలియదు. మేకకొవ్వు దీపం ఒకటి కాళ్ళ దగ్గర గుడ్డిగా వెలుగుతోంది, దాని వెలుగులో అతను స్వయంగా నిలబెట్టిన గుంజలు వరసగా కనిపిస్తున్నాయి, ఓక్ గుంజలు, ఇరవై రెండు. వాటి మీద అడ్డదూలాలు, దూలాల మీద రావెన్‌హోల్ట్ కోట బురుజు మొత్తం. గుంజల మధ్య చితుకుల మోపులు పేర్చి ఉన్నాయి, ఎండువి, నిప్పురవ్వ తగిలితే చాలు. గుంజలు కాలితే దూలాలు దిగుతాయి, దూలాలు దిగితే మూల కూలుతుంది, మూల కూలితే బురుజు బురుజంతా కుప్పకూలి ఇక్కడికే వస్తుంది. మధ్యాహ్నం కొమ్ము ఊదేలోపు కోట తలుపు తెరవకపోతే వెలిగించాలి. వెలిగించాల్సింది ఎడ్మరే. రాజుకీ, ఆయన మేనమామ కూతురికీ సింహాసనం కోసం పోరు మొదలై ఏడేళ్ళయింది. ఏడేళ్ళలో ఎన్ని కోటలు ఎన్ని చేతులు మారాయో ఎడ్మర్‌కి తెలియదు, ఇనుపరాయి తవ్వుకునేవాడికి ఆ సంగతులు ఎందుకు, కానీ ఈ కోట సంగతి మాత్రం అతనికి కావలసి వచ్చింది. ఈ కోట కూలాలని అతను తిండి మానేసి కోరుకున్నాడు.

పొద్దున గంజి తాగుతున్నాడు. తాడు పట్టుకొని గోడ దిగి పారిపోయి వచ్చిన చాకలి ముసలిదాన్ని సైనికులు మంట దగ్గర కూర్చోబెట్టి మాటలు రాబడుతున్నారు. పోరుకి పనికిరాని తిండినోళ్ళని కోట ఏలే వారిన్ దొర బురుజు కింది నేలమాళిగలో వేసి బయటినుంచి గడియ పెట్టించాడంది, పంతొమ్మిది మంది, అందరూ ఆడవాళ్ళే, ముసలివాళ్ళు, జబ్బువాళ్ళు, కొలువుకి పట్టుకొచ్చిన పల్లెపిల్లలు. బురుజు కూలిస్తే మీ జనమే చస్తారని గోడ మీదినుంచి చెప్పించాలని దొర ఎత్తు. వాళ్ళలో ఆష్‌కోంబ్ పిల్ల ఒకతె ఉంది, గనివాడి కూతురట, ఆకలితో పేగులు అరుస్తున్నా అందరినీ నవ్విస్తూ ఉంటుంది, పేరు సన్నివ అంది. ఎడ్మర్ గంజి గిన్నె పడేసి పరుగెత్తాడు. ముట్టడి నడిపే సేనాని రైన్‌ఫ్రిడ్ గుడారంలో గడ్డం గీయించుకుంటున్నాడు. నురగ మూతితో తల తిప్పకుండానే విన్నాడు. "ముసలెలుకా, మూడు వారాలుగా దూతల్ని పంపుతూనే ఉన్నాం. ఇంకోసారి పంపుతాలే. మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత నాకు గోడ కూలాలి. నీ కూతురే ఉందో, నా తల్లే ఉందో, గోడ కూలాలి." కాళ్ళు పట్టుకున్నాడు. బూట్ల మీద మంచు ఉంది. ఆ మంచు పెదవులకి తగిలింది.

తర్వాత సొరంగంలోకి పాక్కుంటూ వచ్చాడు, వంద బారల దూరం, మోకాళ్ళు చీరుకుపోయాయి, గడ్డపార తీసుకొని సున్నం వదులైన చోట పొడిచాడు, పొడిచాడు, రాయి కదలదని అతనికి తెలుసు, ముప్పై ఏళ్ళుగా రాళ్ళతోనే బతికినవాడికి ఏ రాయి కదులుతుందో ఏది కదలదో తట్టి చూడకుండానే తెలుస్తుంది, అయినా పొడిచాడు. గడ్డపార పైకి దూరిపోయింది. పైన ఆడగొంతులు కెవ్వుమన్నాయి. పేరు పెట్టి పిలిచాడు, నేను ఎడ్మర్‌ని, మీ నాన్నని అన్నాడు. అప్పుడు ఆ గొంతు, మూడేళ్ళకి కొంచెం బొంగురుపోయిన గొంతు, "ఎవర్రా అది? మా నాన్న పేరు చెప్పుకొని మోసం చేస్తే నాలుక తెగ్గోస్తాను. మా ఊళ్ళో ఎవరూ మిగల్లేదన్నారు, మా నాన్న చచ్చిపోయాడు."

"చావలేదే. గనిలో ఉన్నాను ఆ రోజు. చీకటి పడ్డాక పైకొచ్చాను."

"మా అమ్మ నన్నేమని పిలిచేది?"

"పిచ్చుకా అని."

పైన ఏడుపు, పెద్దగా, పసిపిల్ల ఏడ్చినట్టు. ఆ తర్వాత చేయి దిగింది.

ఆ తర్వాత వచ్చిందే అసలు ప్రశ్న. అతను దానికోసం సిద్ధంగా లేడు. "నాన్నా, నలభై రోజులుగా చప్పుడు వింటున్నాం. రాత్రీ పగలూ ఠక్ ఠక్‌మని. చావు తవ్వుకుంటూ వస్తోందని వీళ్ళంతా ఏడుస్తున్నారు. అది నువ్వా?" ఎడ్మర్ ఇరవై రెండు గుంజల వైపు చూశాడు. "నేనేనమ్మా," అన్నాడు. అతను ఇంకో మాట అనేలోపే ఆమె అటు తిరిగి అరిచింది, "విన్నారా! చావు కాదు! మా నాన్న! మనకోసం తవ్వుకుంటూ వస్తున్నాడు! నలభై రోజులు! మనకోసం!" పంతొమ్మిది మంది ఆడవాళ్ళు ఒక్కసారి నవ్వీ ఏడ్చీ చేసిన శబ్దం ఆ సందులోంచి అతని ముఖం మీద కురిసింది. కాదని ఎలా అంటాడు. హిల్డ్ అనే ముసలావిడ నోరు సందుకి ఆనించి, "నాయనా, నీ కడుపు చల్లగుండ, ఇది ఎప్పటికి పెద్దదవుతుంది?" అని అడిగింది. "సాయంత్రానికి, అమ్మా," అన్నాడు. అలా పుట్టింది మొదటి అబద్ధం. అబద్ధం కూడా కాదు, ఒప్పుకోలు నోట్లోనే ఆగిపోయిందంతే.

ఎందుకంటే అతన్ని ఎవరూ పట్టుకు రాలేదు. పక్కన తవ్వే తర్కిల్‌ని పట్టుకొచ్చారు, మిగతా ఆరుగురు గనివాళ్ళనీ పట్టుకొచ్చారు, పారిపోకుండా వాళ్ళ పెళ్ళాం పిల్లల్ని గుడారాల వెనక దడిలో పెట్టి కాపలా వేశారు. ఎడ్మర్ మాత్రం తన కాళ్ళతో తనే నడిచి వచ్చాడు. రావెన్‌హోల్ట్‌ని ముట్టడించారని విని, పలుగు భుజాన వేసుకొని, మూడు రోజులు మంచులో నడిచి వచ్చి, నాకు పనివ్వండని అడిగాడు. ఎక్కడ తవ్వాలో వాళ్ళకి తెలియదు, ఉత్తరం వైపు తవ్వుతున్నారు, అక్కడంతా బండ, ఏడాది తవ్వినా అంతే. అతను కోట చుట్టూ ఒకరోజు తిరిగి, నేల మీద బోర్లా పడుకొని చెవి ఆనించి విని, మట్టి నోట్లో వేసుకొని నమిలి, ఈ ఆగ్నేయ మూల బంకమట్టి మీద నిలబడి ఉంది దొరా, ఇక్కడ తవ్వండి, నలభై రోజుల్లో కూలుస్తాను అన్నాడు. రైన్‌ఫ్రిడ్ తన ద్రాక్షసారా గిన్నె అతని చేతికిచ్చి తాగమన్నాడు. తాగాడు. నవ్వాడు కూడా. మూడేళ్ళలో అదే మొదటిసారి నవ్వడం. పలుగు వేసినప్పుడల్లా ఇది సన్నివకి అనుకున్నాడు, ఇది సన్నివకి, ఇది సన్నివకి, మిగతావాళ్ళు అలసి పడుకున్నా ఒక్కడే తవ్వాడు, అరచేతులు పగిలి పిడికి నెత్తురంటుకున్నా తవ్వాడు, ఆమె పేరే కూలిపాటలా పాడుకుంటూ ఆమె మీదికే, ఆమె కాళ్ళ కిందికే, జానెడు జానెడుగా. వేరే ఎవడు తవ్వినా చోటు తప్పేవాడు. వేరే ఎవడికీ ఈ మూల తెలియదు. ఈ దేశంలో ఈ మూల తెలిసినవాడు ఒక్కడే.

మరి ఆష్‌కోంబ్‌లో, తన ఊళ్ళో, పాతిపెట్టింది ఎవరిని? ఆ ఆలోచన ఇప్పుడు వచ్చింది, ఇంతసేపూ ఎందుకు రాలేదో. ఈ కోటవాళ్ళు ఊళ్ళో దాచిన ధాన్యం కోసం వచ్చి, దొరక్క, జనం దాక్కున్న కొట్టానికి నిప్పు పెట్టి వెళ్ళిన రోజు రాత్రి, పొగలోంచి తీసిన పదిహేడు మందిలో ఎవరికీ ముఖం లేదు. పొడుగు చూసి, ఈ పొడుగు నా పిల్లదే అనుకొని, చొక్కా విప్పి చుట్టి, హాథార్న్ అనే ముళ్ళచెట్టు దగ్గర పెట్టాడు. మూడేళ్ళు. ఆదివారం ఆదివారం వెళ్ళి కూర్చున్నాడు. గనిలో ఏం జరిగిందో చెప్పాడు, వాన సంగతి చెప్పాడు, తప్పయిపోయింది తల్లీ అని చెప్పాడు. ఎవరి బిడ్డో. పక్కింటి ఎల్‌ఫ్‌గివ్ కూతురేమో, అంతే పొడుగు, ఆ ఎల్‌ఫ్‌గివ్ ఇప్పటికీ కూతురు ఎక్కడో బతికే ఉంటుందని సంతల్లో అడుగుతూ తిరుగుతోంది. ఆ పిల్ల కోసం ఇన్నాళ్ళూ పరాయివాడు ఏడ్చాడు. ఇక్కడ నా పిల్ల కోసం ఎవరూ ఏడవలేదు. ఏడవకపోవడమే మంచిదయింది, వెచ్చగా ఉంది. నీటి చుక్క పడింది. ఇంకోటి పడింది.

"సన్నివా."

"ఊఁ."

"ఆ రోజు పొద్దున నిన్ను తిట్టాను."

"ఏ రోజు?"

"అదే. ఆ రోజు. నేను గనికి పోయే ముందు. బొగ్గులు కాల్చేవాడి కొడుకుని చేసుకుంటానన్నావు. నా కళ్ళ ముందు ఉండకు పో అన్నాను."

"అన్నావా? నాకు గుర్తే లేదు నాన్నా. ఆ పొద్దున నువ్వు రొట్టె మర్చిపోయి వెళ్ళావు. అదే గుర్తుంది. వాళ్ళు నన్ను గుర్రం మీద పడేసినప్పుడు కూడా అదే అనుకున్నాను, నాన్న ఇవాళ తిండి లేకుండా ఉన్నాడు అని." నవ్వింది. "ఏం పేరు వాడిది? నాకు వాడి పేరు కూడా గుర్తు లేదు. పాపం."

మూడేళ్ళు ఆ ఒక్కమాటనీ గుండెల మీద బండలా మోశాడు. ఆమె దాన్ని ఆ పొద్దునే కింద పడేసి వెళ్ళింది. ఎడ్మర్‌కి ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న చేయి అతని వేళ్ళను ఒకసారి నొక్కి వదిలింది, పద పద అన్నట్టు. ఆమె చిన్నప్పుడు గనిలోకి దిగేటప్పుడు భయపడేది అతనే, పిల్ల జారుతుందేమోనని. అది మాత్రం ముందుకి లాగేది. దీపం తెస్తే చీకటి ఎక్కడికి పోతుంది నాన్నా అని అడిగింది ఒకసారి. ఏం చెప్పాడో జ్ఞాపకం లేదు. ఏదో పనిలో ఉండి ఉంటాడు. నోరు మూసుకొని తట్ట పట్టుకో అని ఉంటాడు. చెప్పి ఉండాల్సింది. ఎక్కడికీ పోదమ్మా, పక్కకి జరిగి కూర్చుంటుందంతే అని చెప్పి ఉండాల్సింది.

సొరంగంలో పాకుతున్న చప్పుడు. తర్కిల్. నలభై రోజులు పక్కనే తవ్వినవాడు, శ్వాస వినే గుర్తుపడతాడు ఎడ్మర్. దగ్గరికి వచ్చి చెవిలో గుసగుసగా అన్నాడు, "అన్నా, దూత వచ్చేశాడు." ఎడ్మర్ కళ్ళతోనే అడిగాడు. "తెరవడంట. వారిన్ దొర గోడ మీదే నిలబడి చెప్పాడంట. కూలిస్తే కూల్చుకోండి, పంతొమ్మిది నోళ్ళు తగ్గుతాయి, లోపలి గోడ వెనక మాకు ఇంకో నెలకి తిండి సరిపోతుంది అన్నాడంట." తర్కిల్ మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అన్నా, నువ్వు బయటికి రా. నువ్వు వెలిగించొద్దు. నేను..." అన్నాడు.

చితుకులు తడిపేస్తే? పొద్దుటినుంచి ఆ ఆలోచన వస్తూ పోతూ ఉంది. తడిపితే వేరేవి తెస్తారు. సాయంత్రానికి కాకపోతే రేపటికి. సొరంగానికి అడ్డం పడితే విలుకాళ్ళు ఉన్నారు, శవాన్ని లాగి పడేస్తారు. ఒక్కరోజు. ఒక్కరోజులో ఈ రాళ్ళు కదలవు, పది రోజులైనా కదలవు, ఇవి మోస్తున్నది బురుజుని. ఆ ఒక్కరోజుకి బదులుగా దడిలో ఉన్న తర్కిల్ భార్యని, ఇద్దరు ఆడపిల్లల్ని ఈ మధ్యాహ్నమే చెట్టుకి వేలాడదీస్తారు, రైన్‌ఫ్రిడ్ అన్నంత పనీ చేస్తాడు, కిందటి వారం చేసి చూపించాడు. చిన్నదానికి నాలుగేళ్ళు. నిన్న మంచుతో గుర్రం బొమ్మ చేసుకుంటోంది, తోక నిలవడం లేదని ఎడ్మర్‌నే అడిగింది సాయం. పుల్ల గుచ్చి నిలబెట్టాడు. ఒక పక్క నాలుగేళ్ళది, ఒక పక్క ఇరవై రెండేళ్ళది. ఎవరూ ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు. పైన పేరు తెలియని రాజు, పేరు తెలియని రాజకుమారి, ఎక్కడో, ఏదో కుర్చీ. దేవుడు ఎటు చూస్తున్నాడో. ఎటూ చూడటం లేదు. చూస్తే ఎడ్మర్ పలుగుని మొదటి రోజే విరగ్గొట్టేవాడు.

"వెలిగించు," అన్నాడు ఎడ్మర్, పెదవులు మాత్రమే కదిలేలా. "ఆ చివర వెలిగించి వెళ్ళిపో. నేనిక్కడే ఉంటాను."

"అన్నా!"

"గట్టిగా మాట్లాడకు. వినపడుతుంది."

"నువ్వు ఉండగా నా చేత ఎట్టా అవుతుందన్నా?"

"ఉన్నానని ఎవరికీ చెప్పకు. పిల్లల దగ్గరికి పో. తర్కిల్, నా మాట విను. నన్ను లాగావంటే అరుస్తాను, అరిస్తే వీళ్ళకి తెలిసిపోతుంది. ఆ ఒక్కటీ చేయకు."

తర్కిల్ తన నుదుటిని ఎడ్మర్ మోకాలికి ఆనించాడు, ఏడుస్తున్నాడో దణ్ణం పెడుతున్నాడో, తర్వాత వెనక్కి పాకుతూ వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలా? ఆ ఆలోచన ఇప్పుడు ఎడ్మర్‌ని పట్టుకుంది. చావబోయేవాళ్ళకి చావని చెప్పకపోవడం పాపమంటాడు పాదిరి, పాపాలు ఒప్పుకోవాలి, ప్రార్థన చేసుకోవాలి, లేకపోతే ఆత్మ అల్లాడుతుంది. ఏం పాపాలున్నాయి వీళ్ళకి ఒప్పుకోవడానికి. చెబితే ఏమవుతుంది? గడియ పెట్టిన తలుపు మీద పడి గోళ్ళతో గీరుతారు. ఆ చివరి కాసేపూ ఆమెకి తెలిసేది ఏమిటంటే, నలభై రోజుల చప్పుడు ఏమిటో. తన కోసం కాదా అది? తన కోసమే. ప్రతి దెబ్బా తన కోసమే. అదే నరకం. లేదు, చెప్పడు. ఈ పాపం తన మీద వేసుకుంటాడు, ఇన్ని ఉండగా ఇదొకటి ఎక్కువా.

దూరంగా, పైన ఎక్కడో, కొమ్ము ఊదారు. మట్టిలోంచి రావడం వల్ల ఆవు అరుపులా వినిపించింది.

"నాన్నా, అదేంటి?"

"తలుపు తెరుస్తారట తల్లీ. వారిన్ దొర ఒప్పుకున్నాడు. ఇప్పుడే మనిషొచ్చి చెప్పాడు. సాయంత్రం దాకా కూడా అక్కర్లేదు. హిల్డమ్మకి చెప్పు, అందరూ కూర్చొని దేవుడికి దణ్ణం పెట్టుకోండి. గట్టిగా చదవండి."

ఆమె చెప్పింది. పైన ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత ముసలావిడ పరలోక ప్రార్థన అందుకుంది, ఒక్కొక్కరే కలిశారు. గుంజల వరస ఆ చివర చిన్న పసుపు వెలుగు పుట్టింది, మోపు నుంచి మోపుకి నెమ్మదిగా నడిచింది. ఎండు చితుకులు చిటపటమన్నాయి. గుంజలకి పూసిన పందికొవ్వు కరిగి కిందికి కారడం, కారిన చోట నీలంగా అంటుకోవడం ఎడ్మర్ చూశాడు. మంచి ఓక్. బాగా కాలుతుంది. కాలి కింద వేడి మొదలైంది. ఎడమచేత్తో ఎలాగో చొక్కా చింపి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, ముఖాన్ని, మెడని, భుజాన్ని సందుకి నొక్కి పెట్టాడు, పొగ పైకి పోకుండా, వీలైనంత తక్కువ పోయేలా. ప్రార్థన ఆగింది. పైన ఎవరో గట్టిగా వాసన పీల్చారు.

"నాన్నా, ఏదో వేగుతున్న వాసన."

"బయట వంట చేస్తున్నారమ్మా. మీ కోసమే. పెద్ద మూకుడు పెట్టారు."

"పంది మాంసమా?"

"పంది మాంసమే."

అటు తిరిగి చెప్పింది. పైన గోల మొదలైంది, నాకు ముందంటే నాకు ముందని, పళ్ళు లేని హిల్డమ్మకి మెత్తటి ముక్క ఇవ్వాలని, ఒకేసారి ఎక్కువ తింటే కడుపు నొప్పి వస్తుందని, రానీ అని, నవ్వులు. ఎన్నాళ్ళయిందో అలా ఆడవాళ్ళు నవ్వుకోగా విని. లియోవ ఉన్నప్పుడు ఇంట్లో ఇలాగే ఉండేది. "ఇంకా ఏమున్నాయి నాన్నా, అడుగుతున్నారు." ఎడ్మర్ దగ్గు మింగాడు. బార్లీ రొట్టె అన్నాడు. ఉల్లిపాయలు. ఉడకబెట్టిన బఠానీలు. వేడిగా. వెన్న ఉందా అంటే ఉందన్నాడు. తేనె ఉందా అంటే అదీ ఉందన్నాడు. ఒక్కో మాటా నిప్పు మింగినట్టు దిగి పైకి వస్తోంది, కళ్ళు కనపడటం లేదు, కాళ్ళు తనవి కావు, చేయి ఒక్కటే తనది, ఆ చేతిలో ఉన్న చేయి అతని చేతిని ఆత్రంగా ఊపుతోంది, సంతకి తీసుకెళ్ళమని పసిపిల్ల ఊపినట్టు.

ఏదో ఫెళ్ళున విరిగింది. ఆ చివరి గుంజ. రాళ్ళు ఒక్కసారి మూలిగాయి.

"నాన్నా! అదేం చప్పుడు?"

"తలుపు తల్లీ," అన్నాడు ఎడ్మర్. "తలుపు తెరుస్తున్నారు."